టన్ను లెక్క

ఆ పెద్ద దేశం పడిపోతందట తాతా, అనీసి
సెల్లు సూసి సెప్తన్నావు నువ్వు.
పల్లికిలించీకు గుంటడా.
ముందా అలివి తాడు పట్టుకో.

నాను దాని కడుపులోకి ఎల్లొచ్చినోడ్ని.
గుజరాతు ఒడ్డున, అలంగులో,
పున్నమి పోటుకి బురదలోకి తోలీసినారు దాన్ని.
దాని ఇంజనుతో అదే వొచ్చి
ఈననేని గేదినాగ కూలబడిపోనాది.
యుద్ధాలకి సామాను మోసిన ఓడ.
ఆఖరి పయానానికి పేరు సెరిపీసి
ఎవులూ ఎరగని సిన్న దేశం జెండా కట్టీసినారు,
అప్పులోడు ముసుగేసుకుని ఊరు దాటినట్టు.

గేసు కటరు బుజానేసుకుని ఎక్కినాం
నానూ, ఇసకలపాలెం ఈరాసామీ.
తినే గదిలో బల్లలు రెండు వరసలు, మజ్జిన ఎర్రగీత.
ఒకే ఓడోల్లు
ఒకల మొకం ఒకలు సూడకుండా తిన్నారంట
ఆఖరి ఏడాదంతా.
గోడకి గోడంత పెపంచం బొమ్మ.
వాల్ల దండులున్న సోటల్లా గుండుసూదులు.
బారువ కోసం యేలెట్టి ఎతికినాం.
మనూరుండాల్సిన కాడ ఈగ రెట్ట ఉంది.
అదే మనది, అన్నాడు ఈరాసామి.
ఆ రోజంతా నవ్వుకున్నాం.

సుత్తెట్టి కొడితే సిల్లడిపోనాది గోడ.
రంగు మీద రంగు, రంగు మీద రంగు,
పదకొండు పూతలు లెక్కెట్టినాను.
కొత్త కెప్టెను వొచ్చినప్పుడల్లా ఓ పూత,
బేండు వాయించి, ఉపన్యాసం సెప్పి.
గోరెట్టి గీకి సూసినోడు ఒక్కడూ నేడు.
నోపల ఇనుమేదిరా బావూ?
సిలుము. మడత కాజానాగ పొరలు పొరలు.

ఏనుగు బతికినా ఎయ్యే, సచ్చినా ఎయ్యే అంతారు.
సేటు కాడ అలాటి మాటల్నేవు.
కిలో ముప్పై.
సిలుము కోత తీసీసి ఇరవయ్యారు.

అది నిలబడ్డన్నాల్లూ మన్ని సూడనేదు.
తొమ్మిదో రోజు
ఓ పలక తెగి
ఈరాసామి మీద పడ్డాది.
రైల్లో తెచ్చినాం. సోంపేట టేషన్లో
ఆల్లమ్మ ఏడవనేదు,
పెట్టె బరువెంత, మొయ్యడానికి ఎంతమంది గావాల,
అనడిగింది.

ఇప్పుడూ అంతే.
అక్కడెవుడో కొత్త కెప్టెను రొయ్యి మీద పన్నేసీసినాడంట,
ఇక్కడ కంపెనీవోడు కిలోకి డెబ్బై కోసీసినాడు.
మా కోడల్ని రొయ్యి ఒలిసే షెడ్డుకి
వారానికి మూడ్రోజులే రమ్మన్నారు.
అయిసు ఫేట్రీ నీలకంటం
అప్పంటే తలుపు తియ్యడం మానీసినాడు.
ఎవుడి మేడ కూలితే ఎవుడి పెంకులు పగుల్తన్నాయో సూడు.
అందుకే ఇకిలించీకన్నాను.

మరింక దానికోసం ఏడవమంటావా, అంటే
అదీ నేదు.
అదిగో, నీలం నల్లగా మారిన కాడ
తెల్లోడి పొగోడ ఉంది, మా తాతల నాడు ములిగింది.
ఆల్ల రాజ్యంలో పొద్దు గుంకదనేవోరంట.
ఇప్పుడు దాని పొగ్గొట్టంలో
బొంతలు కాపరముంటన్నాయి.
మన గేలాలకి మంచి సోటు, అంతే.
దాన్లో బొగ్గేసినోల్ల పేర్లు మాత్రం
ఎవుడికి తెల్సు?

ఓడలోంచి నాను తెచ్చుకున్నది ఓ గరిటి.
కాడ మీద గద్ద బొమ్మ,
రెక్కలు సాసి, గోల్లలో బాణాలట్టుకుని.
పదారేల్లుగా మీ మామ్మ బూడిదెట్టి తోమీ తోమీ
రెక్కలరిగిపోనాయి, బాణాలూ పోనాయి.
ముక్కు మాత్రం ఇంకా యేలికి తగుల్తాది.
దాంతోటే అంబలి పోస్తాది.
మంచి గరిటే. ఎంతకీ సిలుమెక్కదు.

ఆకలేస్తందా?
లాగు. వల ఎక్కడో కరిసీసింది.